సీరియళ్లలో మన వాడకట్టు మనుషులకు చోటేది?

సంపాదకులకు నమస్కారం.

తెలుగు టీవీ సీరియళ్ల మీద విమర్శ అనగానే అత్తాకోడళ్ల కుట్రలు, నిద్రలో కూడా చెదరని నగలు, ఒకే ముఖాన్ని మూడుసార్లు చూపించే కెమెరా గుర్తుకొస్తాయి. వాటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను మళ్లీ రాయను. నా బాధ పాత్రల గురించి, ఆ పాత్రలు వేసే నటుల గురించి. రోజూ సాయంత్రం మన ఇళ్లలోకి వచ్చే ఈ కథల్లో ఓరుగల్లు వాడకట్టులో పుట్టి, ఇక్కడి మాటే మాట్లాడుతూ, ఏదో ఒక పని చేసుకుని బతుకుతూ, మన కళ్లముందే వయసు మీదపడే మనిషి నేను చూసినంతలో ఒక్కరూ లేరు. అలాంటి మనుషులతో అరవై ఏళ్లకు పైగా ఒక సీరియల్ నడవగలదని బ్రిటన్‌లో రుజువైంది. ఆ సంగతి మన నిర్మాతల దృష్టికి తేవడానికే ఈ ఉత్తరం.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు హనుమకొండలో మా ఉద్యోగుల నాటకాల్లో చాలాకాలం వేషాలు వేశాను. మా అమ్మాయి ఉద్యోగరీత్యా మాంచెస్టర్‌లో ఉంటుంది. ఆమె దగ్గర ఉన్నప్పుడు అక్కడివారు తరతరాలుగా చూస్తున్న ‘కొరొనేషన్ స్ట్రీట్’ అనే సీరియల్ నాకు పరిచయమైంది. తర్వాత దాని పాత భాగాలూ, ‘ఈస్ట్‌ఎండర్స్’ అనే మరో సీరియల్ భాగాలూ వెతికి చూశాను. నాటకం ఆడినదాన్ని కాబట్టి కథ కంటే నటుల మీదే నా చూపు నిలిచింది.

కొరొనేషన్ స్ట్రీట్ మొదటి భాగం 1960 డిసెంబర్ 9న ప్రసారమైంది. దాన్ని సృష్టించిన టోనీ వారెన్‌కు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. మాంచెస్టర్ పక్కనే ఉన్న సాల్‌ఫర్డ్‌ను మనసులో పెట్టుకుని వెదర్‌ఫీల్డ్ అనే ఊరిని, అందులో ఆనుకుని కట్టిన ఇళ్ల వీధిని, వీధి మూలన రోవర్స్ రిటర్న్ అనే సారా దుకాణం వంటి పబ్బును ఆయన కల్పించారు. అప్పట్లో టీవీలో వినిపించేది లండన్ పెద్దమనుషుల ఉచ్చారణే. ఉత్తర ఇంగ్లండ్ కూలినాలి జనం మాట ఎవరు వింటారని ఆ సీరియల్ తీసిన గ్రనాడా టెలివిజన్ పెద్దలే సందేహించారు. మొదట 13 భాగాలకే ఒప్పుకున్నారు. వారెన్ ఆ ప్రాంతపు నాటక సమాజాల నుంచి, రేడియో నుంచి నటులను తెచ్చుకున్నారు. తలకు వల కట్టుకుని వీధిలో అందరినీ అదిలించే ఈనా షార్పుల్స్ పాత్ర వేసిన వయొలెట్ కార్సన్ మాంచెస్టర్ రేడియోలో ఎంతోకాలం పాడి, పియానో వాయించిన ఆవిడ. ఆమెకు అప్పటికే అరవై దాటాయి. ఆ వయసు స్త్రీకి మన సీరియళ్లలో దొరికేది హారతి పళ్లెం పట్టుకుని నిలబడే వేషమే.

ఆ మొదటి భాగంలో కెన్ బార్లో అనే కుర్రవాడు ఉంటాడు. ఆ ఇంట్లో కాలేజీ చదువుకు వెళ్లింది అతనొక్కడే. రాత్రి భోజనాల బల్ల మీద సాస్ సీసా పెట్టుకుని తినే తన ఇంటివాళ్లను చూస్తే అతనికి నామోషీ. ప్రియురాలిని ఒక పెద్ద హోటల్‌లో కలుసుకోవాలనుకుంటాడు. ఆ హోటల్ వంటగదిలోనే తల్లి పనిచేస్తుంది కాబట్టి తండ్రి వద్దంటాడు. చివరికి ఆ అమ్మాయి తానే ఇంటికి వస్తుంది. ఆ సమయానికి తండ్రీ తమ్ముడూ ముందుగదిలోనే సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేస్తూ కూర్చుంటారు. చదువుకున్న కొడుక్కీ, కష్టపడి చదివించిన తండ్రికీ మధ్య పెరిగే దూరాన్ని చెప్పడానికి వాళ్లకు ఒక సాస్ సీసా, ఒక సైకిల్ ట్యూబు సరిపోయాయి. మన ఊళ్ల నుంచి కాకతీయ విశ్వవిద్యాలయానికి మొదటితరం చదువుకు వచ్చిన పిల్లల ఇళ్లలో ఇలాంటి ఘడియ రాలేదని ఎవరైనా చెప్పగలరా? మన సీరియల్‌లో అయితే ఆ కుర్రవాడు నేరుగా ఒక కంపెనీకి అధిపతిగా కనిపిస్తాడు. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆనాటి ఆ కుర్రవాడి పాత్రను విలియం రోచ్ అనే నటుడు వేశారు. తొంభై ఏళ్లు దాటినా ఆయన అదే పాత్రలో కనిపిస్తున్నారు. అత్యధిక కాలం ఒకే సీరియల్‌లో నటించిన వ్యక్తిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. కెన్ భార్య డియర్‌డ్రీగా 1972 నుంచి నటించిన ఆన్ కిర్క్‌బ్రైడ్ 2015 జనవరిలో కన్నుమూశారు. నిర్మాతలు మరో నటిని తెచ్చి ఆ స్థానంలో నిలబెట్టలేదు. కొన్ని నెలలు ఆ పాత్ర వేరే ఊళ్లో ఉన్నట్టు కథ నడిపి, ఆ తర్వాత ఆమె కూడా చనిపోయిందని చెప్పి, అంత్యక్రియలు చూపించారు. అక్కడ కెన్ మాట్లాడుతుంటే, అది పాత్ర చెప్పే వీడ్కోలో, దశాబ్దాల సహనటుడు చెప్పే వీడ్కోలో వేరుచేసి చూడడం నావల్ల కాలేదు.

హిల్డా ఆగ్డెన్ గురించి చెప్పకుండా నేను ముందుకు పోలేను. జుట్టుకు కర్లర్లు చుట్టుకుని, పైన గుడ్డ కట్టుకుని, రోవర్స్ రిటర్న్‌లో నేల తుడిచే పనిమనిషి ఆవిడ. పని దొంగ అయిన మొగుడు స్టాన్‌ను రోజూ తిడుతూ ఉంటుంది. హిల్డాను జీన్ అలెగ్జాండర్, స్టాన్‌ను బెర్నార్డ్ యూవెన్స్ ఏళ్లతరబడి పోషించారు. 1984లో యూవెన్స్ మరణించారు, కథలో స్టాన్ కూడా పోయాడు. అంత్యక్రియలు ముగిసి అందరూ వెళ్లిపోయాక, ఆసుపత్రి నుంచి వచ్చిన మొగుడి వస్తువుల పొట్లాన్ని హిల్డా ఒంటరిగా విప్పుతుంది. లోపల కళ్లజోడు డబ్బా కనిపిస్తుంది. దాన్ని చేతిలో పట్టుకుని ఆమె ఏడుస్తుంది. నేపథ్య సంగీతం లేదు, పక్కన ఓదార్చేవాళ్లు లేరు, పెద్ద మాటలు లేవు. రంగస్థలం మీద ఏడుపు సన్నివేశాలు నేనూ చేశాను. చేతిలో ఉన్న చిన్న వస్తువు మీద అంత బరువు మోపాలంటే నటికి ఎంత ధైర్యం కావాలో, దర్శకుడికి ఆమె మీద ఎంత నమ్మకం ఉండాలో నాకు తెలుసు. 1987 క్రిస్మస్ రోజున హిల్డా ఆ వీధి వదిలి వెళ్లిన భాగాన్ని 2 కోట్ల 60 లక్షల మందికి పైగా చూశారు. కథానాయిక అందం చూసి కూర్చున్నవాళ్లు కారు వాళ్లు, ఒక పనిమనిషికి వీడ్కోలు చెప్పడానికి కూర్చున్నవాళ్లు.

ఈస్ట్‌ఎండర్స్ 1985 ఫిబ్రవరిలో బీబీసీలో మొదలైంది. తూర్పు లండన్‌లోని వాల్‌ఫర్డ్ అనే కల్పిత పేట దాని రంగస్థలం. బట్టలు ఉతికే యంత్రాలుండే దుకాణంలో పనిచేస్తూ, ఒక చేతిలో సిగరెట్టు, నోట బైబిల్ వాక్యాలతో ఉండే డాట్ కాటన్ పాత్రను జూన్ బ్రౌన్ ఆ ఏడాదే మొదలుపెట్టి 2020 వరకు పోషించారు. ఆమె భర్త జిమ్‌గా నటించిన జాన్ బార్డన్‌కు నిజజీవితంలో పక్షవాతం వచ్చింది. రచయితలు ఆ జబ్బును పాత్రకూ ఇచ్చారు. 2008 జనవరి 31న ప్రసారమైన అరగంట భాగంలో తెరమీద జూన్ బ్రౌన్ ఒక్కరే ఉన్నారు. ఆసుపత్రిలో ఉన్న భర్త వినడం కోసం డాట్ టేప్ రికార్డర్‌లో మాట్లాడుతుంది. తన చిన్ననాటి సంగతులు, తన భయాలు, అతన్ని ఇంటికి తెచ్చుకుని చూసుకునే ఓపిక తనకు ఉందో లేదోనన్న శంక, అన్నీ ఆ టేపులోనే చెప్పుకుంటుంది. ఆ నటనకు ఎనభై దాటిన ఆమె బ్రిటన్‌లో టీవీ, సినిమా నటులకు ఇచ్చే బాఫ్టా ఉత్తమ నటి పురస్కారానికి పోటీలో నిలిచారు. మన దగ్గర ఎనభై ఏళ్ల నటికి ఒక అరగంట అప్పగించే నిర్మాత ఉన్నారా?

అక్కడ అంతా బంగారమని నేను చెప్పడం లేదు. పాత్రధారులను మార్చడం అక్కడా ఉంది. డేమ్ బార్బరా విండ్సర్‌తో అందరికీ గుర్తుండిపోయిన ఈస్ట్‌ఎండర్స్‌లోని పెగ్గీ మిచెల్ పాత్రను అంతకుముందు 1991లో మరో నటి వేశారు. చూసేవాళ్లను నిలుపుకోవడానికి ప్రమాదాలు, హత్యలు ఎక్కువగా పెడతారన్న ఫిర్యాదు అక్కడి ప్రేక్షకులకూ ఉంది. అయినా పాత్ర అనేది ఫలానా వీధిలో ఫలానా పని చేసుకుని బతికే మనిషి అన్న పట్టును వాళ్లు వదల్లేదు. ఊరు మారితే వీధీ మారింది. 1999 నుంచి కొరొనేషన్ స్ట్రీట్ మూలమీది కిరాణా దుకాణంలో దేవ్ అలహాన్ అనే మన దేశమూలాల మనిషి కనిపిస్తాడు, జిమ్మీ హర్కిషన్ ఆ పాత్రధారి.

ఇక మన సంగతికి వస్తాను. మన సీరియళ్లలో ముఖ్యపాత్రలు వేసేవారిలో చాలామంది కన్నడ సీమ నుంచి వచ్చినవారు. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది. వారి ప్రతిభను, కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ గొంతు అరువు తెచ్చుకున్న పాత్రకు యాస ఎక్కడి నుంచి వస్తుంది? తెలంగాణ మాట వినిపించిందంటే అది పనిమనిషో, రౌడీయో, నవ్వించడానికి పెట్టిన మనిషో అయి ఉంటుంది. ‘బువ్వ తిన్నవా బిడ్డా’ అని ప్రేమగా అడిగే తల్లి, ఇంటిపెద్ద, కథను నడిపే మనిషి కారు. పాత్రధారిని మార్చినప్పుడు ‘ఇకనుంచి ఈ పాత్రలో’ అంటూ ఒక వాక్యం తెరమీద వేస్తే పని అయిపోయిందనుకుంటారు. ముసలి నటులకు ఆరోగ్యం బాగాలేకపోతే ఆ పాత్ర కాశీకి వెళ్తుంది, లేదా గోడమీద దండ వేసిన ఫొటో అవుతుంది. ఆ మనిషి లేని లోటుతో ఆ ఇంట్లో ఎవరూ ఒక పూట కూడా గడిపినట్టు కనిపించదు.

ఓరుగల్లులో కథలకు కొదవా? 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి, చివరికి మూతపడింది. మా మేనమామ అందులో నేత విభాగంలో పనిచేశారు. మిల్లు పోయాక ఆ ఇళ్లల్లో ఎవరు ఆటో పట్టుకున్నారు, ఎవరు సూరత్ పోయారు, ఎవరి బిడ్డలు ఏం చదివారు అన్నదే పదేళ్లు నడిచే కథ. నూలు మిల్లుల మీద బతికిన మాంచెస్టర్, సాల్‌ఫర్డ్ వీధుల్లోంచి అంత పెద్ద కథ పుట్టినప్పుడు మిల్లు కార్మికుల వాడలోంచి మనకు ఎందుకు పుట్టదు? కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసే ఇళ్లున్నాయి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య తెల్లవారే హమాలీలు, తూకం వేసే దడువాయిలు ఉన్నారు. భూపాలపల్లిలో, గోదావరిఖనిలో బొగ్గుగని షిఫ్టుల ప్రకారం నిద్రపోయి లేచే కుటుంబాలున్నాయి.

నటులు లేరనడం అన్యాయం. మిమిక్రీకి దేశవిదేశాల్లో గౌరవం తెచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ ఈ ఊరి మనిషి. ఒగ్గుకథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్య జనగామ ప్రాంతంవారు. ఒక్కరే నాలుగు పాత్రలై, డోలు దెబ్బకు రాజై మరు దెబ్బకు రాణై, తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టే ఒగ్గు కళాకారులు, చిందు కళాకారులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు గొంతు అరువు అక్కర్లేదు. నాతోపాటు వేషాలు వేసిన ఒక అక్క ఇప్పుడు డెబ్బై దాటింది. సంభాషణ మధ్యలో ఆగి కొంగుతో చెయ్యి తుడుచుకుంటే హాలంతా ఊపిరి బిగబట్టేది. ఆమెను ఏ సీరియల్‌వారూ ఇప్పటిదాకా పిలవలేదు. సీరియళ్ల చిత్రీకరణ హైదరాబాద్‌లో, రోజు లెక్కన చెల్లింపు; అక్కడ గది అద్దెకు తీసుకుని, పిలుపు కోసం ఎదురుచూసే స్తోమత పల్లె కళాకారులకు ఎక్కడిది?

ఇలాంటి కథకు రేటింగులు రావని నిర్మాతలు అంటారు. 1960లో గ్రనాడా పెద్దలూ ఇదే అన్నారు. తెలంగాణ యాసలో మన బతుకు చూపించిన సినిమాలను ఈమధ్య రెండు రాష్ట్రాల ప్రేక్షకులూ ఆదరించారు. యాస అర్థం కాదన్న సాకు అక్కడితోనే తీరిపోయింది. ఖర్చు సంగతి చూసినా, రాజభవనం లాంటి ఇంటికీ, రోజుకో పట్టుచీరకూ అయ్యే ఖర్చు కంటే ఒక వీధి, ఒక చాయ్ హోటల్, ఒక కిరాణా కొట్టు కట్టడానికి ఎక్కువ కాదనే నా నమ్మకం. కట్టిన వీధి ఏళ్లతరబడి పనికొస్తుంది.

కాబట్టి టీవీ సంస్థలకు, రాష్ట్ర సాంస్కృతిక శాఖకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం కట్టుకున్నాం. ఏటా సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ వేదిక మీదే ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల రంగస్థల, జానపద కళాకారులకు నటుల ఎంపిక జరపండి. వయసు పరిమితి పెట్టకండి. ఎంపికైనవారికి ప్రయాణ ఖర్చు, బస, నెలజీతం ఇవ్వండి. ఒక వాడకట్టు కథ రాయించి, వారి సొంత గొంతులతోనే మొదట 13 భాగాలు తీసి ప్రసారం చేయండి. దూరదర్శన్ యాదగిరి ముందుకు వచ్చినా సరే, ప్రైవేటు చానల్ వచ్చినా సరే. స్త్రీ పాత్రల మాటలు చూసి సరిదిద్దే పని ఇస్తే నేను పైసా తీసుకోకుండా చేస్తాను, ఆ డెబ్బై దాటిన అక్కను ఎంపికకు వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విశ్రాంత తపాలా ఉద్యోగిని,
హనుమకొండ.