భవనం సంగతి తర్వాత

ప్రియమైన మిత్రమా,

మీ విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ పరిశోధన కేంద్రం నెలకొల్పే బాధ్యత నీ నెత్తిన పడిందని రాస్తూ, నాలుగు మాటలు చెప్పమన్నావు. నాలుగు మాటలతో ఆగే అలవాటు నాకు లేదని నీకు తెలుసు కనుక తీరిక చూసుకుని చదువు.

నీ ఉత్తరంలో సగం భవనం గురించే ఉంది. నా మటుకు నేను దాన్ని చివరన ఆలోచిస్తాను. 1947లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో ప్రొటీన్ల నిర్మాణం శోధించే మాక్స్ పెరుట్జ్, జాన్ కెండ్రూలతో మొదలైన చిన్న పరిశోధన విభాగానికి సొంత భవనం 1962లో గాని అమరలేదు. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్‌ఏ నిర్మాణాన్ని తేల్చింది ఆ ఇరుకు రోజుల్లోనే. తీరా భవనం వచ్చాక పెరుట్జ్ ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టింది క్యాంటీన్ మీద. దాన్ని ఆయన భార్య గిసెలా చూసుకునేవారు. ప్రొటీన్ల మనిషి, జన్యువుల మనిషి ఒకే బల్ల దగ్గర టీ తాగితే, ఏ సమావేశంలోనూ పుట్టని ప్రశ్న అక్కడ పుడుతుందని ఆయన నమ్మకం.

మా కేంద్రం వృక్షశాస్త్రం వాళ్లు ఖాళీ చేసిచ్చిన రెండు గదుల్లో మొదలైంది. యంత్రాలు కొనడానికి గ్రాంటు దొరికింది గాని, వారంటీ తీరాక వాటిని చూసుకోవడానికి పైసా లేదు. ఒకసారి సెలవుల్లో కరెంటు పోయి వచ్చాక మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కంప్రెసర్ తిరిగి అందుకోలేదు. నాలుగో రోజు తలుపు తీస్తే మంచు కరిగి అడుగున నీళ్లు నిలిచాయి, పెట్టెలు నానిపోయాయి, ట్యూబుల మీద రాతలు చెరిగి ఏది ఎవరిదో తెలియలేదు. మూడేళ్లుగా కూడబెట్టిన క్లోన్లు, అంటే మేం తయారుచేసుకున్న జన్యువుల నకళ్లు, అలా పోయాయి. అప్పటినుంచి ప్రతి స్టాకూ రెండు వేర్వేరు ఫ్రీజర్లలో ఉంటోంది. అంతకన్నా ముఖ్యంగా, యంత్రాల నాడి తెలిసిన ఒక టెక్నీషియన్‌ను శాశ్వత ఉద్యోగిగా తీసుకున్నాం. ఒక ప్రొఫెసర్ పోస్టు తగ్గినా ఫరవాలేదు, ఈ పోస్టు మాత్రం వదలకు.

జన్యు ప్రయోగాల వల్ల ముప్పు రాకుండా చూసే జీవ భద్రతా కమిటీని మొదటి ప్రయోగానికి ముందే వేసుకో. తర్వాత వేస్తే అది సంతకాల కమిటీ అవుతుంది.

ఇక పేటెంట్ల మాట. 1973లో కోహెన్, బోయర్ జన్యువులను అతికించిన పద్ధతికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పేటెంటు తీసుకుంది. దాని లైసెన్సుల మీద 25 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టిన మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒకే లక్ష్యాన్ని పట్టుకునే, అన్నీ ఒకేలా ఉండే ప్రతిరక్షకాల) తయారీ పద్ధతికి మాత్రం ఎవరూ పేటెంటు తీసుకోలేదు. ఆ పద్ధతి లోకమంతా పాకింది, ఆ ఇద్దరికీ 1984లో నోబెల్ వచ్చింది. నేనైతే పేటెంటు కార్యాలయం తెరిచే ముందు, పేటెంటు చేయదగినదేదైనా పుట్టే వరకు ఆగుతాను. మీ వైస్ ఛాన్సలర్‌కు ఈ వాక్యం చూపించకు.

భవనం ప్లాను గీయించాక ఒక నకలు నాకు పంపు. అందులో మొదట వెతికేది టీ బల్ల ఎక్కడుందో.

నీ
పాత మిత్రుడు