ప్రారంభోత్సవం తర్వాతి ఖర్చు ఎవరిది? సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను శబ్ద కళాకారుణ్ణి. గదిలోనో వీధిలోనో స్పీకర్లు అమర్చి, అక్కడి చప్పుళ్లతోనే కృతి కట్టడం నా పని. మీ శాఖ గ్రాంటు దరఖాస్తులో గాత్రమా, వాద్యమా అని అడిగారు. రెండూ కాదు. ప్రదర్శన నిడివి అడిగారు. మా పనుల్లో కొన్నింటికి మొదలూ చివరా ఉండవు, కరెంటు ఉన్నంతసేపూ మోగుతూనే ఉంటాయి. చివరికి ‘ఇతరములు’ దగ్గర టిక్కు పెట్టాను. ఆ గడిలో పడ్డ కాగితం గతేమిటో మీకు నేను చెప్పాలా!

గడుల గొడవ చిన్నదే. అసలు చిక్కు డబ్బు దేనికిస్తారన్న దగ్గరుంది.

మ్యాక్స్ న్యూహాస్ అనే అమెరికన్ మొదట పేరున్న తాళవాద్యకారుడు. కచేరీలు మానేసి, 1977లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఇనుప జాలీ కింద, సబ్‌వేకి గాలి ఆడే గదిలో యంత్రాలు పెట్టి ఒక గంభీరమైన నాదం పుట్టించాడు. బోర్డు లేదు. దానిమీదుగా నడిచిపోయేవాళ్లలో చాలామందికి అదొక కళాకృతి అని తెలియదు. ఆయనకు కావలసిందీ అదే. 1992లో ఆగిపోయింది. పదేళ్లు మూగపోయి 2002లో మళ్లీ మోగింది. ఇప్పుడు డియా ఆర్ట్ ఫౌండేషన్ దాన్ని చూసుకుంటోంది. కృతి అదే, చోటూ అదే. పట్టించుకునే నాథుడు దొరికాడు, అంతే.

నా కృతి ఒకదాన్ని ఒక ప్రదర్శనశాల కొన్నది. ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. కొంతకాలానికి వెళ్తే స్విచ్ ఆపేసి ఉంది. కాపలా ఆయన్ను ఏమీ అనను. డ్యూటీ పొడుగునా ఒకే హోరు వినడం ఎవరి తరం? ఆన్ చేయిస్తే ఎడమ స్పీకర్ గరగరలాడింది. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. ఏళ్లు గడిస్తే ఫోమ్ వాడినా వాడకపోయినా చివుకుతుంది. కొత్త అంచు అతికిస్తే సరిపోయేది. దానికి పద్దు లేదన్నారు. కొనుగోలుకు ఉంది, మరమ్మతుకు లేదు!

మనుషుల విషయంలోనూ ఇదే వరస. ఉత్సవానికి పిలిచి ఒకరోజు పారితోషికం ఇస్తారు. మిగతా ఏడాది ప్రయోగాలు ఏ గదిలో చేసుకోవాలో ఎవరూ అడగరు. బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ (రేడియో, టీవీ కార్యక్రమాలకు కొత్త శబ్దాలు తయారుచేసే విభాగం) 1958 నుంచి 1998 దాకా నడిచింది. అక్కడ డీలియా డెర్బీషైర్ 1963లో ‘డాక్టర్ హూ’ టీవీ సీరియల్ శీర్షిక సంగీతాన్ని, శబ్దాలు రికార్డు చేసిన టేపు ముక్కలు కోసి, అతికించి తయారుచేసింది. బాణీ కట్టిన రాన్ గ్రైనర్ పేరూ, వర్క్‌షాప్ పేరూ తెరమీద పడ్డాయి గానీ బతికుండగా ఆమె పేరు పడలేదు. అది ముమ్మాటికీ అన్యాయం. అయినా నెల జీతం, పరికరాలున్న గది ఉండబట్టే ఆ పని జరిగింది.

కాబట్టి అడిగేది ఇది. ఇచ్చే ప్రతి గ్రాంటులో కొంత భాగం తర్వాతి ఏళ్ల నిర్వహణకు విడిగా పెట్టండి. కళాకారులు వంతులవారీగా వాడుకునే స్టూడియో ఒకటి, అందులో జీతమున్న సాంకేతిక నిపుణుడు ఒకరు ఉండేలా చూడండి. అంతకన్నా ముందు, ఇప్పటికే కొన్న శబ్ద కృతుల్లో ఇవాళ ఎన్ని మోగుతున్నాయో లెక్క తీయించండి. తనిఖీకి టంకం పెట్టె పట్టుకుని నేనూ వస్తాను, కూలి మాత్రం ఇప్పించాలి.

ఇట్లు,
‘ఇతరములు’ గడిలోని ఒక దరఖాస్తుదారు