వార్షిక నివేదిక: సంఘం వెబ్‌సైట్‌ను పాత డొమైన్ మీదకు మార్చిన తీరు

సభ్యులందరికీ నమస్కారం. పార్కు, డ్రైనేజీ, వీధి దీపాల పనుల వివరాలు ఖర్చుల పట్టికలో ఉన్నాయి. ఇక్కడ వెబ్‌సైట్ సంగతి. కొత్తగా కట్టిన సైటును తాత్కాలిక చిరునామాలో పరీక్షించి, సంఘం పాత డొమైన్ (వెబ్ చిరునామా) మీదకే తెచ్చాం. తర్వాత కమిటీలోకి వచ్చేవాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాం.

అక్టోబర్, నవంబర్ నెలలను ముందే పక్కన పెట్టాం. అవి తుపాన్ల రోజులు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఎలా అతలాకుతలం చేసిందో అందరికీ తెలుసు. అత్యవసర నంబర్ల పేజీ అలాంటప్పుడు తెరుచుకోకపోతే సైటు ఉండీ దండగే. వారాంతం కూడా వద్దనుకుని మంగళవారం పొద్దున్నే పెట్టుకున్నాం. మంగళవారమేమిటని పెద్దలు గొణిగినా, హోస్టింగ్ వాళ్లు ఫోనెత్తే రోజే మనకు మంచి రోజు.

డొమైన్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే డీఎన్‌ఎస్‌లో టీటీఎల్ (ఆ సమాచారాన్ని మిగతా సర్వర్లు దాచుకునే గడువు) 86,400 సెకన్లు, అంటే ఒక రోజు ఉండేది. దాన్ని ముందుగా 300కి తగ్గించాం. తగ్గించగానే సరిపోదు, పాత గడువు ఒక రోజూ పూర్తిగా గడవాలి. లేకపోతే పాత విలువను దాచుకున్న సర్వర్లు పాత సైటునే చూపిస్తుంటాయి.

నేమ్‌సర్వర్ల (డీఎన్‌ఎస్ రికార్డులన్నీ ఉండే సర్వర్లు) జోలికి పోలేదు. "మా నేమ్‌సర్వర్లు పెట్టేయండి, మిగతాది మేం చూసుకుంటాం" అని హోస్టింగ్ వాళ్లు అనడం మామూలే. మెయిల్‌కు సంబంధించిన ఎమ్‌ఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు కొత్త చోట మళ్లీ రాయకపోతే సంఘం మెయిల్ ఆగిపోతుంది, లేదా స్పామ్‌లో పడుతుంది. అందుకే సైటు ఉన్న సర్వర్ ఐపీ చిరునామా చెప్పే ఏ (ఐపీవీ4), ఏఏఏఏ (కొత్త తరహా ఐపీవీ6) రికార్డులు రెండే మార్చాం. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. జియో లాంటి మొబైల్ నెట్‌వర్కులు ఐపీవీ6 వాడతాయి. పాత ఏఏఏఏ అలాగే ఉంటే ఒకే ఇంట్లో కంప్యూటర్‌లో కొత్త సైటు, ఫోన్‌లో పాత సైటు కనిపించవచ్చు. కొత్త సర్వర్‌కు ఐపీవీ6 లేకపోతే ఆ రికార్డును తీసేయాలి.

అన్నిటికంటే ఓపిక అడిగేవి పాత లింకులు. వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతున్నవి అవే. వర్డ్‌ప్రెస్ (సైటు నడిపే సాఫ్ట్‌వేర్) లింకు గడిలో 200 గుర్తులే పడతాయి. ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటుకు %E0 లాగా మూడు గుర్తులు, వెరసి తొమ్మిది. గుణింతం గుర్తు, సున్న, పొల్లు కూడా విడివిడిగా తొమ్మిదేసి తింటాయి. "మంచినీటి సరఫరా వేళల్లో మార్పు" అనే ప్రకటన లింకు "మంచినీటి-సరఫరా-వేళల్లో-మ" దగ్గర తెగిపోతుంది. శీర్షికలు చూసి రీడైరెక్ట్ పట్టిక (ఏ పాత లింకు ఏ కొత్త పేజీకి వెళ్లాలో చెప్పే జాబితా) రాస్తే ఇలాంటి లింకులేవీ కలవవు. డేటాబేస్‌లో ఉన్న లింకులనే తీసుకుని, ప్రతిదానికీ దాని కొత్త పేజీకి 301 (శాశ్వతంగా మారిందని చెప్పే రీడైరెక్ట్) పెట్టాలి. అన్నిటినీ హోమ్ పేజీకి తోసేయడం తేలికే గానీ, దాన్ని గూగుల్ పేజీ లేనట్టుగానే లెక్కిస్తుంది. ఈ పట్టికను కనీసం ఏడాది ఉంచాలి.

చివరి కాపీకి ముందు పాత సైటులో ఫిర్యాదుల ఫారం మూసేశాం. తెరిచి ఉంచితే మధ్యలో వచ్చిన ఫిర్యాదులు పాత డేటాబేస్‌లోనే ఉండిపోతాయి. డేటాబేస్ ఎగుమతి, దిగుమతి రెండూ యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షరాల కోడ్‌లోనే జరగాలి. తెలుగు పిచ్చి అక్షరాలుగా మారితే చాలాసార్లు వెనక్కి తేవచ్చు. ప్రశ్నార్థకాలుగా మారి అలాగే సేవ్ అయితే ఇక బ్యాకప్పే గతి. డేటాబేస్‌లో తాత్కాలిక చిరునామాను ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ ఆదేశాల భాష)తో నేరుగా మార్చకూడదు. కొన్ని సెట్టింగుల్లో వాక్యం పొడవు కూడా అంకెగా నిల్వ ఉంటుంది, అది సరిపోక విడ్జెట్లు మాయమవుతాయి. వర్డ్‌ప్రెస్ ఆదేశాల పనిముట్టు డబ్ల్యూపీ-సీఎల్‌ఐలోని సెర్చ్-రీప్లేస్ వాడాలి, ముందు డ్రై-రన్‌తో (ఏమీ మార్చకుండా ఫలితం చూపే పరీక్ష) చూసుకోవాలి.

డొమైన్ తిప్పకముందే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే భద్రతా సర్టిఫికెట్‌ను, డొమైన్ మనదేనని డీఎన్‌ఎస్ టీఎక్స్‌టీ రికార్డుతో చూపి తీసుకున్నాం. అందువల్ల తిప్పిన నిమిషంలో భద్రతా హెచ్చరికలు రావు. చేత్తో తీసుకున్న ఆ సర్టిఫికెట్ 90 రోజులకే చెల్లుతుంది కాబట్టి, తర్వాత ఆటోమేటిక్ రెన్యువల్ అమర్చాం. మన కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్‌లో కొత్త ఐపీ రాసుకుంటే, లోకానికి తెలియకముందే అసలు పేరుతో సైటును చూసుకోవచ్చు. పరీక్ష సైటుకు పెట్టిన నోఇండెక్స్‌ను (వెతుకులాటలో చూపించవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) తీసేశాం. అది మిగిలిపోతే గూగుల్ మెల్లగా మనల్ని జాబితాలోంచి తీసేస్తుంది, ఎవరికీ తెలియదు కూడా. మెయింటెనెన్స్ చెల్లింపుల గేట్‌వేలో వెబ్‌హుక్ చిరునామా (డబ్బు అందిందని గేట్‌వే మన సైటుకు కబురు పంపే చోటు) సరిచూశాం. ఇది తప్పితే డబ్బు కట్ అవుతుంది, రసీదు మాత్రం రాదు.

పాత సర్వర్‌ను మరో నెల ఉంచుతున్నాం, ఆ అద్దె ఖర్చుల పట్టికలో ఉంది. డొమైన్ ఖాతాను సంఘం మెయిల్ మీదకు మార్చాం. కార్యదర్శి మారినప్పుడల్లా ఓటీపీ కోసం పాతవాళ్ల వెంట పడక్కర్లేదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత సర్క్యులర్లు ఇంకా యూనికోడ్‌లోకి (కంప్యూటర్లన్నీ చదివే అక్షరాల పద్ధతి) రాలేదు. అంతవరకూ సైటులోని వెతుకు పెట్టెలో అవి దొరకవు, సంవత్సరాల వారీ జాబితాలో చూడండి.