డిస్కు తప్పుకు ఆపరేటరుకు తిట్లా?

సంపాదకులకు నమస్కారం.

దాళ్వా ధాన్యం మిల్లులకు చేరే రోజుల్లో, కాటా కంప్యూటర్లో ఎక్కించిన లారీ తూకం మర్నాటికి కనబడకపోతే మాట పడేది ఆపరేటరే. ‘నువ్వు సేవ్ కొట్టి ఉండవు’ అనేస్తారు. పాపం, అతను కొట్టినా, తెర మీద ‘సేవ్ అయింది’ అని వచ్చినా తూకం పోయే దారి ఒకటుంది. కోనసీమ నుంచి భీమవరం దాకా మిల్లులకూ, రొయ్యల కొనుగోలుదారులకూ లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు దాన్ని మూయాలి.

ప్రోగ్రాం ‘రైట్’, అంటే ‘రాయి’, అని పిలిస్తే ఆపరేటింగ్ సిస్టం మామూలుగా డేటాను ర్యామ్‌లోని పేజీ క్యాష్‌లో, అంటే పేజీలనే ముక్కలుగా తాత్కాలికంగా దాచే చోట, పెట్టుకుని అప్పటికప్పుడే ‘సరే’ అంటుంది. డిస్కు మీద రాసేది తర్వాత. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మామూలు సెట్టింగుల్లో, దాని గుండెకాయ అయిన కెర్నల్ 5 సెకన్లకోసారి చూసుకుని 30 సెకన్లు దాటిన పేజీలను డిస్కుకు పంపుతుంది. ఆలోపు ప్రోగ్రాం ఫైలు మూసేస్తుంది, రసీదు ప్రింటవుతుంది, లారీ గేటు దాటుతుంది. డిస్కు మొరాయించిన సంగతి అప్పుడు తేలితే, వినడానికి ఎవరూ ఉండరు.

ఆ కబురు రాబట్టుకోవడానికే ఎఫ్‌సింక్ అనే పిలుపు ఉంది. విండోస్‌లో దాని పేరు ఫ్లష్‌ఫైల్‌బఫర్స్. డిస్కు రాశానని చెప్పేదాకా అది తిరిగి రాదు, రాయలేకపోతే ఎర్రర్ తెస్తుంది. ఫైలు మూస్తే చాలనుకోవడం పొరపాటు, లోకల్ డిస్కు మీద క్లోజ్ ఇదంతా అయ్యేదాకా ఆగదు.

అసలు చిక్కు ఎఫ్‌సింక్ విఫలమయ్యాక మొదలవుతుంది. ‘ఇంకోసారి చూద్దాం’ అని మళ్లీ పిలిస్తే ఈసారి ‘సరే’ అని రావచ్చు, డేటా మాత్రం డిస్కు మీద ఉండదు. ఎందుకంటే లినక్స్‌లో డిస్కు మీద ఫైళ్లను సర్దే ఎక్స్‌ట్4 లాంటి ఫైల్ సిస్టంలు రాయలేకపోయిన పేజీని కూడా ‘రాయాల్సిన పని లేదు’ అని గుర్తు పెట్టేస్తాయి. రెండో ఎఫ్‌సింక్‌కు రాయడానికి ఏమీ మిగలదు. పైగా 2017లో వచ్చిన 4.13 కెర్నల్‌కు ముందు, కెర్నల్ ఎర్రర్‌ను మొదట అడిగిన ప్రోగ్రాంకు చెప్పి చెరిపేసేది. అదే ఫైలు తెరిచి పెట్టుకున్న మిగతా ప్రోగ్రాములకు చెప్పే నాథుడు లేడు. ఇప్పుడు ఫైలు తెరిచి ఉంచిన ప్రతి ఒక్కరికీ ఒక్కసారి చెబుతుంది, పోయిన డేటాను మాత్రం తెచ్చివ్వదు. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టం తీరు వేరు, అది ఆ పేజీని వదలకుండా మళ్లీ రాయడానికి ఉంచుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే పేరున్న డేటాబేస్ చేసేవాళ్లంతటివాళ్లకే ఈ సంగతి 2018లో గట్టిగా తగిలింది. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి వాళ్ల డేటాబేస్, డేటా ఫైలు ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించకుండా తనంతట తనే కూలబడి, ముందే రాసిపెట్టుకున్న లాగ్ నుంచి కోలుకుంటుంది.

కాటా సాఫ్ట్‌వేర్ కూడా ఎఫ్‌సింక్ ఏం చెప్పిందో చూశాకే ‘సేవ్ అయింది’ అనాలి. విఫలమైతే రసీదు ఆపి, తెర మీద ఎర్రగా చూపి, చేతిలో ఉన్న తూకాన్ని వేరే డిస్కులో కొత్తగా రాయాలి. కొత్త ఫైలు రాసి పాతదాని పేరు పెట్టే పద్ధతైతే, పేరు మార్చే ముందు ఫైలుకూ, మార్చాక ఆ డైరెక్టరీకీ ఎఫ్‌సింక్ చేయాలి. ‘స్పీడు తగ్గుతుందండీ’ అంటారు. హార్డ్ డిస్కు మీదైనా ఒక్కో ఎఫ్‌సింక్‌కు పట్టేది కొన్ని పదుల మిల్లీసెకన్లు. లారీ కాటా ఎక్కి దిగే వేళలో అదెవరికి తెలుస్తుంది?

కొనేవాళ్లు డబ్బు కట్టేముందు ఒక పరీక్ష అడగండి. లినక్స్‌లో డిస్కులా కనిపించే నకిలీ పరికరాలు చేసే డివైస్ మ్యాపర్‌లో, కావాలనే మొరాయించే ‘ఫ్లేకీ’ అనే టార్గెట్ ఉంది, ‘ఎర్రర్ రైట్స్’ పెడితే రాతలన్నీ విఫలమవుతాయి. దాని మీద తూకం ఎక్కించినప్పుడు ‘సేవ్ అయింది’ అని వస్తే ఆ సరుకు వద్దు. ఊరికే డిస్కు నింపి చూపిస్తే ఒప్పుకోకండి. లోకల్ డిస్కులో ఖాళీ లేదన్న ఎర్రర్ ఎక్కువగా రైట్ దగ్గరే వచ్చేస్తుంది, ఆలస్యంగా వచ్చే ఎర్రర్‌కు అది పరీక్ష కాదు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు లినక్స్‌లో కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) తీసి ‘లాస్ట్ ఎసింక్ పేజ్ రైట్’ (lost async page write) అన్న వరుస ఉందేమో, విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి ‘డిస్క్’ పేరుతో 51 నంబరు ఉందేమో చూడండి. హార్డ్ డిస్కు తన ఆరోగ్యం గురించి తనే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాల్లో 197వది, అంటే చదవడానికి మొరాయిస్తున్న పెండింగ్ సెక్టార్ల లెక్క, పెరుగుతుంటే ఆ డిస్కు మార్చేయండి. యూపీఎస్ ఉందిగా అని ఊరుకోవద్దు. అది కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది, పాడైన సెక్టారును ఏమీ చేయలేదు.

ఇట్లు,
ఒక సిస్టమ్స్ ప్రోగ్రామర్, అమలాపురం