పార్టీల గొడవల వీడియోలు పంపే ముందు

అందరికీ నమస్కారం. పార్టీల కొట్లాట మన వాట్సాప్ గ్రూప్‌లోకీ వచ్చేసింది కాబట్టి ఇది రాస్తున్నాం. 2013 అక్టోబరులో రాష్ట్ర విభజన గొడవలప్పుడు విజయనగరంలో కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చిన సంగతి మర్చిపోకండి.

వీడియో మీద జంట బాణాలుంటే, అది కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని. "విజయనగరం మూడు లాంతర్ల దగ్గర రాళ్లు రువ్వుతున్నారు" అని ఉందా? షాపుల బోర్డులు, బళ్ల నంబర్లు, జనం యాస చూడండి. పాత వీడియోకి కొత్త ఊరి పేరు తగిలించడమే ఎక్కువ. ఒక స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే చాలాసార్లు అసలు ఊరు బయటపడుతుంది. గొంతు మాత్రమే ఉన్న వాయిస్ మెసేజ్‌కి ఆ దారీ లేదు, అందుకే అవి అసలు పంపొద్దు.

తప్పని తేలితే వెంటనే అందరికీ డిలీట్ కొట్టండి. ఆలస్యమైతే ఆ ఆప్షన్ రాదు. ఈలోగా వేరే గ్రూపులకి వెళ్లిన కాపీ ఎలాగూ పోదు.

సెక్షన్ 163 (పాత 144) పెడితే ఆర్డరు కాగితమే చదవండి, ఏ ప్రాంతం, ఎన్నాళ్లు అన్నది అందులో ఉంటుంది. మామూలుగా రెండు నెలలకి మించదు. కళ్లెదుటే గొడవైతే వీడియో తర్వాత, ముందు 112కి కొట్టండి.

కులం పేరెత్తి తిట్టిన పోస్టు అడ్మిన్లం అడక్కుండానే తీసేస్తాం.