అమ్మలూ, ఇంజిన్ ఆఖర్న

విశాఖపట్నం

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. షెడ్డులో ఉన్న 1998 మారుతి జెన్ కారులో, మారుతి ఎస్టీమ్ ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజిన్ వేసి, వెడల్పు టైర్లు తొడుగుదామని రాశావు. సంక్రాంతి సెలవులు పది రోజులు సరిపోతాయా అని అడిగావు. పాతది దించి కొత్తది ఎక్కించడానికి రెండు మూడు రోజులు చాలు. మిగతా పనికే పది రోజులు చాలవు. అందుకే ఆ మిగతా పని గురించే ఎక్కువ రాస్తున్నాను. ఇంజిన్ ఎక్కించడం ఆఖర్న చెయ్యాలి, అమ్మా. దాన్ని మొయ్యగలిగే బాడీ, ఆపగలిగే బ్రేకులు, నేలని పట్టుకునే చక్రాలు ముందు సిద్ధం కావాలి.

వాటన్నిటికంటే ముందు కాగితం. మనది ఏపీ 31 బండి, ఆర్‌సీలో 993 సీసీ అని ఉంది. ఎస్టీమ్‌ది 1298. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకీ ఐదు వేల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి రూపాయి ఖర్చు పెట్టకముందే మాధవధార రవాణా ఆఫీసులో దరఖాస్తు పెట్టి, జవాబు రాతలో తీసుకుందాం. వాళ్లు కాదంటే, ఇప్పుడు జెన్‌లో ఉన్న రకమే, అంటే జి10బి ఇంజిన్, మంచి కండిషన్లో ఉన్నది ఒకటి వెతికి, అనుమతితో ఇంజిన్ నంబరు మార్పించుకుందాం. అప్పుడు కూడా కింద రాసిన వాటిలో చాలా పని తప్పదు. "అందరూ వేస్తున్నారు, ఎవరు చూస్తారు" అని నీతో ఎవరైనా అంటే వినకు. యాక్సిడెంటు అయిన రోజు ఇన్సూరెన్సు సర్వేయరు మొదట చూసే వాటిలో ఇంజిన్ నంబరు ఒకటి.

ఇంజిన్ ఎవరి దగ్గర కొన్నా, అది వచ్చిన బండి ఆర్‌సీ నకలు, అమ్మిన రసీదు, దాని మీద ఇంజిన్ నంబరు ఉండాలి. అవి లేకుండా ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకు.

ఇక తుప్పు. సముద్రం గాలికి మన ఊళ్లో బండి పైకి మెరుస్తూనే లోపల తినేస్తుంది. మ్యాట్లు, కార్పెట్ మొత్తం తీసెయ్. బ్యాటరీ ట్రే కింద, ముందు స్ట్రట్ (చక్రం మీది స్ప్రింగు, షాకబ్సార్బరు) పైభాగం బాడీకి బిగిసే చోట, డోర్ల కింద రన్నింగ్ బోర్డు లోపల, జాకీ పెట్టే చోట్ల, వెనక సస్పెన్షన్ ఆర్ములు తగులుకునే చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడు. గట్టి రేకు టంగుమంటుంది, తినేసిన రేకు చప్పబడి లోపలికి పోతుంది. స్ట్రట్ పైభాగంలోగానీ ఇంజిన్ మౌంటింగ్ బిగిసే ఛాసిస్ దూలంలోగానీ మొన దిగిందంటే, టింకరింగ్ అయ్యేదాకా ఇంజిన్ మాట ఎత్తొద్దు. తుప్పు మీద పుట్టీ పూసి రంగు వెయ్యడం కాదు. మంచి రేకు వచ్చేదాకా కోసేసి, కొత్త రేకుని సీఓటూ వెల్డింగుతో అతికించాలి. గ్యాస్ వెల్డింగ్ వద్దు, ఆ వేడికి చుట్టుపక్కల రేకు వంకరపోతుంది. వెల్డింగ్ ముందు బ్యాటరీ తీగలు తీసెయ్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) బండిలో ఉంటే దాని సాకెట్ కూడా పీకెయ్. పనయ్యాక లోపలి బోలు భాగాల్లో మైనం స్ప్రే కొట్టించు.

కొనే ఇంజిన్‌కి ముందు కంప్రెషన్ పరీక్ష చెయ్. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో ఒత్తిడి గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. మంచి స్థితిలో సిలిండరుకి 14 కేజీ (చదరపు సెంటీమీటరుకి) దగ్గర చూపిస్తుంది. 12 కంటే తగ్గినా, సిలిండర్ల మధ్య తేడా ఒక కేజీ దాటినా వదిలెయ్. తక్కువ వచ్చిన సిలిండర్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, రీడింగు పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో గాస్కెటో. బయట ఉండగానే టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, క్రాంకు రెండు చివర్ల ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేటు మార్చెయ్. ఇవి ఎక్కించాక మార్చాలంటే పని రెండింతలు.

రెండూ సుజుకి జి కుటుంబమే, రెండూ అల్యూమినియం బ్లాకులే. జెన్‌ది 72 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వ్యాసం), 61 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). ఎస్టీమ్‌ది 74 బోరు, 75.5 స్ట్రోకు. అలాగని అన్నీ బోల్టుకి బోల్టు కలిసిపోతాయనుకోకు. ఇంజిన్, గేరుబాక్సు, వైరింగ్, ఈసీయూ, సెన్సార్లు, త్రాటిల్ బాడీ, పెట్రోలు పంపు, రేడియేటరు అన్నీ ఒకే బండివి తీసుకో. ఐక్యాట్స్ (దొంగతనం ఆపే ఎలక్ట్రానిక్ తాళం) ఉన్న బండయితే దాని పెట్టె, తాళం కూడా. తలో చోట ఏరితే ఏ సెన్సారు దేనికో వెతుక్కోవడానికే వారం పోతుంది.

మౌంటింగులకి రబ్బరువే వాడు. బిగించే ముందు ఇంజిన్‌ని చైన్ బ్లాక్ మీద వేలాడుతుండగానే బానెట్ మూసి ఎత్తు చూడు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన గోధుమపిండి ముద్ద వాల్వ్ కవర్ మీద పెట్టి, బానెట్ మెల్లగా మూసి తీస్తే, మిగిలిన మందమే నీకున్న ఖాళీ. 20 మిల్లీమీటర్లయినా కావాలి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ ఊగుతుంది.

గేరుబాక్సు నుంచి చక్రాలని తిప్పే డ్రైవ్ షాఫ్టుల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. లోపలి కొస గేరుబాక్సుకి, బయటి కొస హబ్బుకి (చక్రం బిగిసే భాగానికి) కలవాలి. కొసల మీది పళ్లు లెక్కపెట్టి చూసుకో. బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డప్పుడు లోపలి జాయింటు అటూ ఇటూ 10 మిల్లీమీటర్లయినా జరగాలి. పొట్టిదయితే గుంతలో చక్రం దిగినప్పుడు ఊడొస్తుంది. పొడుగుదయితే చక్రం పైకి లేచినప్పుడు డిఫరెన్షియల్ బేరింగ్‌ని పొడిచి పగలగొడుతుంది.

పెట్రోలు లైను విషయంలో భయం ఉంచుకో. కార్బొరేటర్ బండి పైపుల్లో ఒత్తిడి చాలా తక్కువ. ఎంపీఎఫ్ఐకి 2.5 నుంచి 3 బార్ దాకా వస్తుంది. పాత రబ్బరు పైపు ఉంచితే పగిలి వేడి మానిఫోల్డ్ మీద చిమ్ముతుంది. ఇంజెక్షన్‌కి తయారైన హోసు, దానికి సరిపడా క్లిప్పులు, ట్యాంకుకి వెనక్కి వెళ్లే రిటర్న్ లైను, పంపుకి వేరే రిలే, ఫ్యూజు పెట్టు. బండిలో మంట ఆర్పే సిలిండరు కూడా.

రేడియేటర్లో బోరు నీళ్లు పొయ్యొద్దు. మన తీరం బోర్లలోని ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసి, గాలంతా పోయేదాకా మూత తీసి ఇంజిన్ తిప్పు. మే నెలలో మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫ్యాన్ తనంతట తను తిరిగితే అది పాసయినట్టు.

50 హార్స్‌పవర్ బండికి 85 ఇస్తున్నావు. గంటకి 80 వేగంతో పోల్చితే 100 వేగంలో బ్రేకులు మింగాల్సిన శక్తి 56 శాతం ఎక్కువ. ముందు డిస్కులు, ప్యాడ్లు, వెనక డ్రమ్ముల వీల్ సిలిండర్లు, హోసులు అన్నీ కొత్తవి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. మన తేమలో రెండేళ్లకోసారి మార్చాల్సిందే. తేమ పట్టిన ఆయిల్ ఘాట్ దిగుతుంటే మరిగి, పెడల్ నేలకి తగులుతుంది.

టైర్ల లెక్క ఇలా చూడు. ఇప్పుడున్న 145/70 ఆర్13 (వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 13 అంగుళాలు) వ్యాసం 533 మిల్లీమీటర్లు. 165/65 ఆర్13 వేస్తే 545, అంటే 2.2 శాతం పెద్దది. మీటరు 80 చూపిస్తే నిజానికి దాదాపు 82లో ఉంటావు. 165/60 అయితే 528, చిన్నది. నేనయితే 165/65 వేస్తాను. 14 అంగుళాల రిమ్ముకి 50 సిరీస్ టైరు చూడ్డానికి బాగుంటుంది గానీ, వానల తర్వాత గాజువాక రోడ్డు గుంతలకి రిమ్ము వంగిపోతుంది.

వెడల్పు కంటే ఆఫ్‌సెట్ ముఖ్యం, అంటే రిమ్ము నడిమి గీత నుంచి అది హబ్బుకి ఆనే మొహం దాకా మిల్లీమీటర్లలో దూరం. చాలామంది దాన్ని అడగనే అడగరు. ఉదాహరణకి 4.5 అంగుళాల రిమ్ము, ఆఫ్‌సెట్ 45 తీసి, 5.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35 వేశావనుకో. వెడల్పులో సగం అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి ఆఫ్‌సెట్ తేడా 10 కలిపి, రిమ్ము 22.7 బయటికొస్తుంది. లోపలికి వెళ్లేది 2.7 మాత్రమే. అంత బయటికొస్తే మడ్‌గార్డు అంచు టైరుని కోస్తుంది, హబ్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, పవర్ స్టీరింగ్ లేని మన బండి స్టీరింగ్ బరువెక్కుతుంది. చక్రం నట్ల రంధ్రాల మీదుగా గీసిన వలయం వ్యాసాన్ని పీసీడీ అంటారు. మారుతి బండ్లలోనే 100 పీసీడీ, 114.3 పీసీడీ రెండూ ఉన్నాయి. ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం కొలిచాకే అల్లాయ్‌లు కొను. స్పేసర్లు వద్దు. నట్లు 12 మిల్లీమీటర్లు, 1.25 పిచ్, అల్లాయ్‌కి సరిపోయే కోను మొహంవి.

చక్రాలు తొడిగాక లోపలి అంచులకీ మడ్‌గార్డు మడతకీ తడి ముగ్గుపిండి పూసి, వెనక నలుగురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా ఎక్కించు, తర్వాత రెండోవైపు. పిండి ఎక్కడ చెరిగితే అక్కడ తగులుతోందన్నమాట.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టు. మొదటి 50 కిలోమీటర్లు ఊళ్లోనే తిప్పి, చల్లారాక చక్రాల నట్లు, మౌంటింగ్ బోల్టులు, పెట్రోలు క్లిప్పులు మళ్లీ బిగించి, కూలెంట్ మట్టం చూడు. తర్వాత వీల్ అలైన్‌మెంట్. సింహాచలం ఘాట్ ఆ తర్వాతే.

వచ్చేటప్పుడు నీ వెర్నియర్, టార్క్ రించి తెచ్చుకో. రిమ్ములు కొనొద్దు, ఇక్కడికొచ్చి హబ్బు కొలిచాకే ఆటోనగర్ వెళ్దాం. మ్యాట్లు, సీట్లు ఈ వారమే తీసి, తుప్పున్న చోటల్లా సుద్దతో గీతలు గీసి ఉంచుతాను.

మీ నాన్న