చారిత్రక కట్టడాల విభాగం వార్షిక నివేదిక: సెయింట్ పాంక్రాస్ రైల్వే హోటల్

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం ఒక్క కట్టడం మీదే దృష్టి పెట్టింది. అది లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్ ముందున్న ఎర్ర ఇటుకల మిడ్‌లాండ్ గ్రాండ్ హోటల్. దాని చరిత్రను తెలుగులో రాసుకుని, సభ్యుల కుటుంబాలను వెంటబెట్టుకుని చూపించాం.

మిడ్‌లాండ్ రైల్వే కంపెనీ కోసం జార్జ్ గిల్బర్ట్ స్కాట్ డిజైన్ చేసిన ఈ హోటల్ 1873 మే 5న తెరుచుకుంది. గదులు సుమారు 300. నీటి ఒత్తిడితో నడిచే లిఫ్టులు అప్పట్లో పెద్ద వింత.

ఇంత వైభవంగా కట్టింది ఎందుకు మూతపడిందని అందరూ అడిగారు. జవాబు గదుల నేలలోనే ఉంది. నిప్పంటుకోకూడదని ఇనుప దూలాల మీద మందంగా కాంక్రీటు పోశారు. స్నానాల గదులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. తొట్టి, వేణ్నీళ్లు పనివాళ్లు గదికి మోసుకెళ్లేవారు. 1889లో లండన్‌లోనే సవాయ్ హోటల్ విరివిగా స్నానాల గదులతో వచ్చాక అతిథుల అలవాట్లు మారాయి. ఇక్కడ కొత్తగా పైపులు వేయాలంటే ఆ కాంక్రీటును తొలచాలి, అది తలకు మించిన ఖర్చు. 1935లో హోటల్ మూసేసి రైల్వే ఆఫీసులు పెట్టారు. 1980లలో అగ్నిమాపక నిబంధనలకు సరిపోక అవీ ఖాళీ అయ్యాయి.

1960లలో కూల్చివేత ముప్పు వచ్చినప్పుడు కవి జాన్ బెట్జెమన్, విక్టోరియా రాణి కాలపు కట్టడాలను కాపాడే విక్టోరియన్ సొసైటీ గట్టిగా పోరాడబట్టే 1967లో గ్రేడ్ వన్ రక్షణ, అంటే చారిత్రక కట్టడాలకిచ్చే అత్యున్నత స్థాయి రక్షణ, దక్కింది. ఆ పోరాటమే లేకపోతే 2011లో మళ్లీ తెరవడానికి హోటలే మిగిలేది కాదు.

వచ్చే ఏడాది నడకను స్టేషన్ కింది అంతస్తు నుంచి మొదలుపెట్టాలని మా సూచన. పట్టాలు రీజెంట్స్ కాలువ మీదుగా రావాలి కాబట్టి ప్లాట్‌ఫారాలను వీధికంటే ఎత్తున కట్టారు. కింద మిగిలిన చోటు బీరు తయారీకి పేరున్న బర్టన్ పట్టణం నుంచి వచ్చే బీరు పీపాలకు గోదాము అయింది. ఇంజనీరు బార్లో స్తంభాల మధ్య దూరాన్ని ఆ పీపాల కొలతనుబట్టే నిర్ణయించాడు. ఇప్పుడక్కడ దుకాణాలున్నాయి. పిల్లలు స్తంభాల మధ్య అడుగులు లెక్కపెట్టి చూడొచ్చు.

పెద్ద మెట్లు హోటల్ లోపల ఉన్నాయి, వాటికి ముందే అనుమతి అడగాలి. పక్కనే ఉన్న బ్రిటిష్ లైబ్రరీలో పాత తెలుగు అచ్చు పుస్తకాలున్నాయి. రీడర్ పాస్‌కు గుర్తింపు, చిరునామా పత్రాలు వెంట తెచ్చుకుంటే రెండు పనులూ ఒకే రోజు పూర్తవుతాయి.